వలస పెరిగితే సహకారం పెరగాలా, తగ్గాలా? గడుల మోడల్‌లో ఒకే సెట్టింగ్‌కి రెండు జవాబులు

వాలుగాలి

సెట్టింగ్ ఇది. చదరపు గ్రిడ్, 100 × 100 గడులు. కుడి అంచు దాటితే ఎడమ అంచులో తేలేలా చుట్టి కలిపినది. 70 శాతం గడుల్లో ఆటగాళ్లున్నారు, 30 శాతం ఖాళీ. ఆట ఖైదీల సందిగ్ధమే, బలహీన రూపం: ఇద్దరూ సహకరిస్తే చెరొక 1, సహకారిని దోచుకున్న ద్రోహికి 1.3, మిగతా అన్నిటికీ 0. పొరుగు అంటే పైనా కిందా, కుడీ ఎడమా ఉన్న నాలుగు గడులు. ప్రతి ఆటగాడూ తనతో పాటు పొరుగువాళ్లందరినీ చూసి, ఎక్కువ రాబడి వచ్చినవాడి వ్యూహాన్ని తీసుకుంటాడు. వలస సంభావ్యతని, అంటే ఒక అడుగులో ఆటగాడు పక్క ఖాళీ గడిలోకి కదలడానికి ప్రయత్నించే అవకాశాన్ని, 0.01 నుంచి 1 దాకా మారుస్తున్నాం.

కోడ్ రెండు రకాలుగా ఉంది. మొదటిదాంట్లో ఆట, అనుకరణ, ఆ తర్వాత కదలిక. రెండోదాంట్లో ఆట, కదలిక, ఆ తర్వాత అనుకరణ. మిగతాదంతా అక్షరం తేడా లేదు. అయినా వలస పెరిగేకొద్దీ సహకారుల వాటా చూపించే గీతలు రెండింటికీ ఒకేలా రావట్లేదు. పరిశోధనా పత్రాల్లోనూ వలస సహకారాన్ని చెరిపేస్తుందని కొన్ని, నిలబెడుతుందని కొన్ని. తప్పు కోడ్‌లో ఉందా, ప్రశ్నలోనే ఉందా?

జాలకం

కోడ్‌లో తప్పు లేదండీ. అవి రెండు వేర్వేరు మోడళ్లు. వైన్‌స్టీన్, సిల్వా, అరెన్‌జోన్ 2007లో ఖాళీ గడులున్న గ్రిడ్ మీద సరిగ్గా ఈ రెండు వరుసలనీ విడివిడిగా పరీక్షించారు. యాదృచ్ఛికంగా కదిలినా సరే, చాలా పరిస్థితుల్లో సహకారం పెరగగలదని వాళ్లు చూపించారు.

వరుస మారితే ఏం మారుతుందో చూడండి. మొదటి వరుసలో నా రాబడిని నాతో ఆడినవాళ్ల రాబడితోనే పోలుస్తాను. రెండో వరుసలో ఒకచోట సంపాదించిన రాబడిని మోసుకుని ఇంకోచోట దిగుతాను. అక్కడివాళ్లు నా ఆట చూడలేదు, మూట మాత్రమే చూశారు. నలుగురు సహకారుల మధ్య దోచుకుని వచ్చిన ద్రోహి కొత్త పొరుగులో 5.2 పట్టుకుని నిలబడతాడు. గుంపు అంచు నుంచి 3 పట్టుకుని బయటికొచ్చిన సహకారి మాత్రం చుట్టూ 0, 1.3 ఉన్న ద్రోహుల్ని మార్చేస్తాడు. ఎవరి మూట బరువైతే వాళ్ల వ్యూహం వలస వెంట పాకుతుంది. ఇందులో ఏ వరుస వాడారో పత్రంలో రాయకపోతే ఆ ఫలితాన్ని ఇంకొకరు తిరిగి తెప్పించలేరు.

ఇంకోటి. 1.3 అనే అంకెని ఎందుకు ఎంచుకున్నారు? అది ఒక హద్దు గీతకి ఆనుకుని ఉంది. కాగితం మీద లెక్క కట్టండి.

నిండుగా ఉన్న సహకారుల గుంపులో ఒక్క గడి ఖాళీ అనుకోండి. దాని చుట్టూ ఉన్న నలుగురికీ తలా 3. ఆ ఖాళీలోకి ఒక ద్రోహి వచ్చి కూర్చున్నాడు. అతనికి 4 × 1.3 = 5.2. పక్క నలుగురికీ ఇంకా 3 మాత్రమే. వాళ్ల వెనక ఉన్న సహకారులకి 4. 5.2 పెద్దది కాబట్టి నలుగురూ ద్రోహులవుతారు. ఇప్పుడు కూడిక గుర్తు ఆకారంలో ఐదుగురు ద్రోహులు. మధ్యవాడికి దోచుకోవడానికి ఎవరూ మిగల్లేదు, 0. కొసల్లో ఉన్న నలుగురికీ తలా ముగ్గురు సహకారులు, 3 × 1.3 = 3.9. కొసకి ఎదురుగా ఉన్న సహకారికి 3 వస్తుంది. కానీ అతని వెనక ఉన్న సహకారికి 4. 4 అనేది 3.9 కన్నా పెద్దది, అతను సహకారిగానే ఉండిపోతాడు. ప్లస్ గుర్తు అక్కడే గడ్డకడుతుంది.

ప్రలోభాన్ని, అంటే దోచుకున్న ద్రోహికి వచ్చే 1.3ని, 1.35 చేయండి. కొసవాడికి 4.05. ఆ ఎదుటి సహకారి మారిపోతాడు, గండి పడ్డట్టే. అంటే 4/3 దగ్గర గీత ఉంది. మీ 1.3 దానికి ఇవతల కొద్ది దూరంలో ఉంది. వలస అక్కడ చేసే పని ఒక్క ఖాళీ గడిలోకి ఒక్క ద్రోహిని చేర్చడమే. దాని ఫలితం ఐదు గడులతో ఆగుతుందా, గుంపంతా పోతుందా అన్నది ప్రలోభం చేతిలో ఉంది.

పొలిమేర

జాలకం గారి లెక్క "అందరిలో గొప్పవాణ్ణి అనుకరించు" అనే నియమానికి మాత్రమే సరిపోతుంది. చాలామంది ఇప్పుడు వాడేది 1998లో సాబో, టోకే పెట్టిన ఫెర్మీ నియమం: పొరుగువాళ్లలో ఒకణ్ణి ర్యాండమ్‌గా ఎంచుకో, అతని వ్యూహం తీసుకునే సంభావ్యత 1 ÷ (1 + ఎక్స్‌పొనెన్షియల్ ఆఫ్ [(నా రాబడి − అతని రాబడి) ÷ కె]). కె అంటే గందరగోళం స్థాయి, మామూలుగా 0.1 పెడతారు.

అదే ప్లస్ గుర్తుని ఈ నియమం కింద చూడండి. కొసకి ఎదురుగా ఉన్న సహకారి ముందుగా ఒకే ఒక్క పొరుగుని ఎంచుకుంటాడు. నాలుగింట ఒక వంతు సార్లు కొసలో ఉన్న ద్రోహే చేతికి చిక్కుతాడు. తేడా 3 − 3.9 = −0.9, దాన్ని 0.1తో భాగిస్తే −9. మారిపోయే సంభావ్యత 0.9998 పైనే. వెనక 4 ఉన్నవాడు ఉన్నాడన్న సంగతి అతనికి తెలియనే తెలియదు. ప్లస్ గడ్డకట్టదు. అందుకని 4/3 అనే గీతని ఫెర్మీ నియమంతో రాసిన పత్రంలో వెతక్కండి, దొరకదు.

మూడోగది

కదలిక నియమం గురించి ఎవరూ అడగలేదు. ఎక్కువ తేడా అక్కడే వస్తుంది.

ఒక పద్ధతి: నాలుగు పొరుగు గడుల్లో ఒకదాన్ని ర్యాండమ్‌గా ఎంచుకో, అది ఖాళీ అయితే వెళ్లు, నిండి ఉంటే ఉన్నచోటే ఉండు. రెండో పద్ధతి: పొరుగున ఖాళీగా ఉన్న గడుల జాబితా వేసుకో, అందులోంచి ఒకదాన్ని ఎంచుకుని వెళ్లు. కోడ్‌లో ఒక్క లైను తేడా. కానీ ముగ్గురు సహకారుల మధ్య, ఒక్క ఖాళీ పక్కన ఉన్న ఆటగాణ్ణి తీసుకోండి. వలస సంభావ్యత 0.4 అనుకుంటే, మొదటి పద్ధతిలో అతను కదిలే అవకాశం 0.4 × 1/4 = 0.1. రెండో పద్ధతిలో పూర్తిగా 0.4. అంటే గుంపు అంచు నాలుగు రెట్లు వేగంగా కరిగిపోతుంది. మొదటి పద్ధతిలో గుంపే తనవాళ్లని పట్టి ఉంచుతుంది. ఒంటరి ద్రోహి మాత్రం చుట్టూ ఖాళీయే కాబట్టి రెండు పద్ధతుల్లోనూ ఒకేలా తిరుగుతాడు. "వలస సహకారానికి మేలు" అని వచ్చిన ఫలితాల్లో ఈ పట్టు ఎంత పాలు పంచుకుందో విడదీసి చూడాలి.

సాంద్రత కూడా చూసుకోండి. నాలుగు పొరుగుల చదరపు గ్రిడ్‌లో నిండిన గడులు 59.3 శాతం దాటితేనే ఈ చివర నుంచి ఆ చివరికి తెగని గొలుసు ఏర్పడుతుంది. మీ 70 శాతం దానికి పైన ఉంది. 50కి దించితే వలస లేనప్పుడు ప్రతి గుంపూ ఒక దీవి, ద్రోహి ఏ దీవిలో పుడితే ఆ దీవితోనే సరి. అప్పుడు కొద్దిపాటి వలస కూడా దీవుల మధ్య వంతెన వేస్తుంది. 95కి పెంచితే కదలడానికి చోటే ఉండదు, వలస సంభావ్యత 1 పెట్టినా నిజంగా కదిలేవాళ్లు తక్కువ. అందుకే గ్రాఫ్‌లో అడ్డ గీత మీద మీరు పెట్టిన సంభావ్యతని కాకుండా, ఒక్కో అడుగులో నిజంగా కదిలినవాళ్ల వాటాని వేయండి.

వాలుగాలి

రెండో పద్ధతే వాడాం, ఖాళీల జాబితా. ఇది సరిచేస్తాం. అయితే ఒక మౌలిక సందేహం. వలస తక్కువైతే పక్కనున్నవాళ్లు ఒకే వంశం వాళ్లవుతారు, సహకారం తనవాళ్లకే చేరుతుంది. కాబట్టి మిగతావి ఎలా ఉన్నా, వలస తగ్గితే సహకారానికి మేలు జరగాలి కదా? హామిల్టన్ సూత్రం (బంధుత్వంతో గుణించిన లాభం ఖర్చుని మించితే సాయం నెగ్గుతుంది) చెప్పేది అదే కదా?

ఈతచెట్టు

అందరూ జారిపడే మెట్టు ఇదే. తన బంధువుకి సాయం చేస్తే అతని పిల్లలు పెరుగుతారు, నిజమే. కానీ వలస తక్కువైనప్పుడు ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? ఇక్కడే ఉండి, ఉన్న కాసిని స్థానాల కోసం నీ మిగతా బంధువుల పిల్లలతోనే పోటీ పడతారు. 1992లో పీటర్ టేలర్ చూపించింది ఏమిటంటే, సరళమైన దీవుల మోడల్‌లో (జనాభా చిన్న చిన్న గుంపులుగా విడిపోయి, వాటి మధ్య కొందరు వలసపోయే మోడల్) ఈ లాభమూ ఈ నష్టమూ సరిగ్గా కొట్టుకుపోతాయి. ఉరామరిగా కాదు, సరిగ్గా.

అంకెల్లో చూడండి. దీవికి 10 మంది, ఒక్కొక్కరిలో ప్రతి జన్యువుకీ ఒకే ప్రతి, తరాలు కలవవు, దీవులు చాలా. సహకారికి అయ్యే ఖర్చు 1, దాని వల్ల పుట్టే లాభం 10. ఆ లాభం దీవిలో పది మందికీ సమానంగా పంచబడుతుంది, తనతో సహా.

వలస రేటు 0.05. ఇద్దరు స్థానికులూ కదలకుండా ఉండే సంభావ్యత 0.95 × 0.95 = 0.9025. దీవిలో సగటు బంధుత్వం, తనని కూడా కలుపుకుని, 1 ÷ (10 − 9 × 0.9025) = 0.5326. లాభం 10 × 0.5326 = 5.326. ఖర్చు 1 తీసేస్తే 4.326. ఇప్పుడు పోటీ నష్టం: అదనంగా పుట్టినవాళ్లు 10 − 1 = 9, వాళ్లు ఇక్కడివాళ్లని తోసే వంతు 0.9025, తోసుకుపోయినవాళ్లతో బంధుత్వం 0.5326. గుణిస్తే 4.326. మిగిలింది సున్నా.

వలస రేటు 0.5 చేయండి. సంభావ్యత 0.25, బంధుత్వం 1 ÷ 7.75 = 0.129. లాభంలోంచి ఖర్చు తీస్తే 0.290. పోటీ నష్టం 9 × 0.25 × 0.129 = 0.290. మళ్లీ సున్నా.

వలస పది రెట్లు పెరిగింది, బంధుత్వం నాలుగో వంతుకి పడిపోయింది, గీత మాత్రం కదల్లేదు. లాభం ఖర్చుకి పది రెట్లు దాటితేనే సహకారం నెగ్గుతుంది. అంటే తన వంతుగా తిరిగొచ్చేదే తన ఖర్చుని మించాలి. అది త్యాగం కానే కాదు.

పొలిమేర

ఈ సమీకరణం చూసి "వలసకి పాత్రే లేదు" అనుకోవద్దు. ఆ కొట్టుడుపోత ఎక్కడ తెగుతుందో అక్కడే అసలు పని ఉంది. తెగే చోట్లు నాకు తెలిసినవి మూడు. తరాలు కలిసి ఉండటం ఒకటి: తల్లిదండ్రులు బతికే ఉంటే బంధుత్వం ఎక్కువ నిలుస్తుంది, దానికి తగ్గట్టు స్థానిక పోటీ పెరగదు. రెండోది, ఎవరు చచ్చి ఎవరు ఆ చోటు నింపుతారన్న వరుస. 2006లో ఓట్సుకి, హావర్ట్, లీబర్‌మన్, నొవాక్ చూపించినది ఇదే: ముందు ఒకరు చనిపోయి ఆ ఖాళీ కోసం పొరుగువాళ్లు పోటీపడితే, బలహీన ఎంపిక కింద (ఆట రాబడి సంతానం మీద కొద్దిగా మాత్రమే ప్రభావం చూపినప్పుడు), లాభం ÷ ఖర్చు పొరుగువాళ్ల సంఖ్యని మించినప్పుడు సహకారం నెగ్గుతుంది. ముందు ఒకరు పిల్లని కని తర్వాత పొరుగువాణ్ణి తోసేస్తే ఎప్పటికీ నెగ్గదు. వాలుగాలి గారి రెండు కోడ్‌ల తేడాకి ఇది దగ్గరి చుట్టం.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: గుంపుగా వలస. ఒక్కొక్కరూ విడిగా కాకుండా, ఒక దీవి నుంచి కొందరు కలిసే వెళ్లి ఇంకోచోట దిగడం. బంధుత్వం చెక్కుచెదరదు, పోటీ మాత్రం కొత్తచోట పరాయివాళ్లతో. గార్డ్‌నర్, వెస్ట్ 2006లో దీన్ని లెక్కగట్టారు. సూడోమోనాస్ ఎరుజినోసా బ్యాక్టీరియాతో ప్రయోగమూ చేశారు (క్యుమర్లీ, సహచరులు, 2009). ఇనుము దొరకని చోట ఆ బ్యాక్టీరియా ఇనుముని పట్టుకునే పదార్థాన్ని బయటికి వదులుతుంది, దాన్ని చేసినవాడే కాదు, పక్కవాడూ వాడుకుంటాడు. తయారుచేసేవి సహకారులు, ఊరికే వాడుకునేవి ద్రోహులు. గ్రిడ్ మోడల్ రాసేవాళ్లు దీన్ని ఎందుకు వదిలేస్తున్నారో అర్థం కాదు. కోడ్‌లో పెద్ద పనేం లేదు: ఒక ఆటగాణ్ణి కాకుండా 2 × 2 గడుల ముక్కని ఎత్తి, అంతే ఖాళీ ఉన్న చోట దించితే చాలు.

జాలకం

ప్రయోగాల మాట వచ్చింది కాబట్టి, ఈ చర్చకి గుండెకాయ లాంటిది బెంజమిన్ కెర్, సహచరులు 2006లో నేచర్ పత్రికలో వేసిన పని. ఈ.కోలై బ్యాక్టీరియా, దాన్ని తినే టీ4 వైరస్. చిన్న చిన్న గుంటలున్న ప్లేట్లలో ఒక్కో గుంటా ఒక్కో ఉపజనాభా. వాళ్లు మార్చింది వలస ఎటు నుంచి ఎటు అన్నది. ఒక ఏర్పాటులో పక్క గుంటల్లోకి మాత్రమే, రెండో ఏర్పాటులో ఎక్కడి నుంచి ఎక్కడికైనా.

అందులో వైరస్ రెండు దారులు పట్టింది. దూకుడు రకం ఒకే గుంటలో పొదుపు రకంతో కలిస్తే దాన్ని తరిమేస్తుంది. పొదుపు రకం ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువ దిగుబడి ఇస్తుంది. పక్క గుంటలకే వలస ఉన్నచోట పొదుపు రకం నిలిచింది. ఎక్కడికైనా వలస ఉన్నచోట దూకుడు రకం పైకొచ్చింది. దూకుడుదానికి బతుకుతెరువు ఎప్పటికప్పుడు కొత్త పొదుపు గుంటలు దొరకడమే. పక్క గుంటలకే పరిమితమైతే అది తన ఇరుగుపొరుగుని ఊడ్చేసుకుని ఆగిపోతుంది. కాబట్టి వాలుగాలి గారూ, ఎంత వలస అన్న ఒక్క మీట తిప్పి వదిలేయకండి. ఎంత దూరం అన్నది ఇంకో మీట.

మూడోగది

ఎవరు, ఎందుకు కదులుతారన్నది మూడో మీట. ఇక్కడిదాకా అందరం గుడ్డి వలస గురించే మాట్లాడాం. 2004లో అక్టిపిస్ పెట్టిన నియమం చాలా చిన్నది: జోడీ మోసం చేస్తే వెళ్లిపో, లేకపోతే ఉండు. గుర్తుపెట్టుకోవడం లేదు, శిక్షించడం లేదు. అంత సరళమైన నియమంతోనే సహకారులు ఒకరి పక్కన ఒకరు మిగులుతారు, ద్రోహి పక్కన ఎవరూ మిగలరు. 2009లో హెల్బింగ్, యూ 49 × 49 గ్రిడ్‌లో సగం గడులు ఖాళీగా ఉంచి ఇంకో నియమం పెట్టారు: చుట్టుపక్కల ఖాళీ గడుల్లో ఎక్కడ కూర్చుంటే ఎంత రాబడి వస్తుందో ముందు చూసుకుని, మెరుగైన చోటుకి వెళ్లు. అనుకరణ ఒక్కటే ఉన్నా, ఈ వలస ఒక్కటే ఉన్నా, గందరగోళం కలిపితే సహకారం నిలవలేదు. రెండూ కలిస్తే, అందరూ ద్రోహులుగా మొదలైనా సరే, సహకారం పుట్టుకొచ్చింది.

కోడ్ రాసేటప్పుడు ఇందులో ఒక గోతి ఉంది. అందరినీ ఒకేసారి కదిలిస్తే ఇద్దరు ఒకే ఖాళీని ఎంచుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు చెరిగిపోతారు, జనాభా మెల్లగా తగ్గిపోతుంది, సాంద్రత మారుతోందని కూడా తెలీదు. ఒక్కొక్కరినీ ర్యాండమ్ వరుసలో కదిలించండి. పై ఎడమ మూల నుంచి వరుసగా స్కాన్ చేయకండి, ఖాళీలు ఒక పక్కకి కొట్టుకుపోతాయి. ప్రతి అడుగు చివరా ఆటగాళ్ల మొత్తం లెక్క సరిచూసే ఒక్క లైను పెట్టండి.

ఈతచెట్టు

ఆట మారితే దిశే తిరగబడుతుందని కూడా చెప్పాలి. స్నోడ్రిఫ్ట్ ఆటలో ఎదుటివాడు ద్రోహి అయితే సహకరించడమే నయం. అక్కడ గ్రిడ్ నిర్మాణమే తరచు సహకారాన్ని తగ్గిస్తుందని 2004లో హావర్ట్, డోబెలి చూపించారు. కాబట్టి బాగా కలిసిపోయే వలస ఉంటే సహకారం, అందరూ అందరితో ఆడే జనాభాలో ఉండే స్థాయికి చేరుతుంది, అది గ్రిడ్ స్థాయి కన్నా పైనే ఉండొచ్చు.

మూడు వ్యూహాల ఆటలో, రాయి కాగితం కత్తెరలో, వలసకి పదునైన హద్దు ఉంది. 2002లో కెర్ బృందం మూడు రకాల ఈ.కోలై తీసుకుంది: విషం చేసేది, విషానికి లొంగేది, తట్టుకునేది. కదలని ప్లేట్ మీద మూడూ కలిసి బతికాయి. ఫ్లాస్కులో కలిపి ఊపినప్పుడు తట్టుకునే రకం ఒక్కటే మిగిలింది. 2007లో రైకెన్‌బాక్, మొబిలియా, ఫ్రై దానికి అంకె ఇచ్చారు. చలనశీలత = 2 × మార్పిడి రేటు (పక్కపక్క గడులు చోటు మార్చుకునే రేటు) ÷ గడుల సంఖ్య. ఎంపిక రేటు, పునరుత్పత్తి రేటు రెండూ 1 అయినప్పుడు హద్దు 0.00045, అటూ ఇటూ 0.00005. దానికి కింద మూడూ సుడులు తిరుగుతూ ఉంటాయి. చలనశీలత వర్గమూలంతో పాటు సుడి పెరుగుతుంది, గ్రిడ్‌లో పట్టనంత అయ్యాక రెండు రకాలు అంతరిస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు: 100 × 100 గ్రిడ్‌లో హద్దు దగ్గర మార్పిడి రేటు 2.25. 200 × 200లో 9. గ్రిడ్ పెంచి రేటు 5 అలాగే ఉంచితే ఒకదాంట్లో అంతరించడం, ఇంకోదాంట్లో సహజీవనం వస్తాయి. గ్రిడ్ సైజు ఫలితాన్ని మార్చిందనుకుంటారు. నిజానికి మారింది చలనశీలతే.

వాలుగాలి

వలస 0.3 దగ్గర సహకారుల వాటా సగటు 0.48 వస్తోంది, 50 రన్‌ల మీద. అది స్థిరమైన సహజీవనమే అనుకోవచ్చా?

జాలకం

సగటు చూసి చెప్పలేం. 50 రన్‌ల తుది విలువల్నీ విడివిడిగా హిస్టోగ్రామ్ వేయండి. 24 రన్‌లు పూర్తి సహకారంతో, 26 పూర్తి ద్రోహంతో ముగిసినా సగటు 0.48 వస్తుంది. అప్పుడు మీకు దొరికింది సహజీవనం కాదు, మొదటి వందల అడుగుల్లో అదృష్టం ఎటు తిరిగిందన్న లెక్క. గుట్ట 0.48 చుట్టూ ఒకటే ఉంటే సహజీవనం అనొచ్చు, అప్పుడు కూడా గ్రిడ్‌ని 200 × 200, 400 × 400 చేసి, ఆ గుట్ట సన్నబడుతోందో లేదో చూడాలి. చిన్న గ్రిడ్‌లో చివరి సహకారుల గుంపు ఒక్క కుదుపుకే పోతుంది, పోయాక తిరిగి రాదు.

మొదటి 10,000 పూర్తి అడుగులు పారేసి, ఆ తర్వాత 2,000 మీద సగటు కట్టండి. ఒక పూర్తి అడుగు అంటే ఆటగాళ్లు ఎందరో అన్ని ప్రయత్నాలు, గడులు ఎన్నో అన్ని కాదు. 7,000 మంది ఉన్నచోట 10,000 ప్రయత్నాలని ఒక అడుగు అంటే మీ కాలం 1.43 రెట్లు వేగంగా నడుస్తుంది, వేరేవాళ్ల గీతతో పోల్చినప్పుడు పక్కకి జరిగి కనిపిస్తుంది.

మూడోగది

హిస్టోగ్రామ్‌తో పాటు చివరి అడుగులో గ్రిడ్ బొమ్మ కూడా ఒకటి ఇక్కడ పెట్టండి, ఖాళీలు ఒక రంగులో. పొరుగు ఎవరూ లేని ఒంటరివాళ్లకి మీ కోడ్ ఏం చేస్తోందో అందులో తెలిసిపోతుంది. రాబడి 0 ఉన్న ఒంటరి సహకారి అనుకరించడానికి ఎవరూ లేక అలాగే ఉండిపోతాడు. సాంద్రత తక్కువైతే అలాంటివాళ్లు వందల్లో ఉంటారు, వాళ్లని సహకారుల వాటాలో కలిపేస్తే గీత ఊరికే పైకి లేస్తుంది. కనీసం ఒక పొరుగు ఉన్నవాళ్ల మీద విడిగా ఇంకో వాటా లెక్కకట్టి పక్కన వేయండి.